ఆకులు ఊడ్చేస్తున్నారా... కాస్త ఆగండి!

అక్టోబరు చివరికొచ్చేసరికి న్యూజెర్సీలో శనివారం పొద్దున్నే లీఫ్ బ్లోవర్ల మోత మొదలవుతుంది. మేపుల్, ఓక్ చెట్లు ఎరుపు, పసుపు రంగుల్లో మెరిసి, మన ఇన్‌స్టా రీల్స్‌కి నెల రోజులు పనికొచ్చి, ఆ తర్వాత ఆకులన్నీ బొలబొలా రాల్చేస్తాయి. నేల మీద పడిన మరుక్షణం నుంచి వాటి పేరు ‘చెత్త’. పోగేసి, గోధుమరంగు కాగితం సంచుల్లో కుక్కి రోడ్డు పక్కన పెడితే టౌన్‌షిప్ బండి వచ్చి పట్టుకుపోతుంది. దీపావళి కూడా దాదాపు ఆ రోజుల్లోనే కాబట్టి మనవాళ్ల ఇళ్లలో ఈ పని ఇంకాస్త పట్టుదలగా జరుగుతుంది.

ఆ సంచుల్లో ఆకులే ఉన్నాయనుకుంటాం. కానీ వచ్చే వేసవిలో మన పెరట్లో ఎగరాల్సిన సీతాకోకచిలుకలు కూడా అందులోనే వెళ్లిపోతుంటాయి. కొన్ని గుడ్లుగా, కొన్ని గొంగళిపురుగులుగా, కొన్ని గూడు కట్టుకున్న ప్యూపాలుగా!

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి ఇక్కడ ఓ అద్దె ఇంట్లో ఉంటున్నా. లీజు ప్రకారం పెరటి పని మాదే. వెనక ఓ పెద్ద ఓక్ చెట్టు, కంచె పక్కన అడవి వయొలెట్ మొక్కలు, మేం వేసుకున్న టమాటా, సోంపు మడి ఉన్నాయి. మూడేళ్లుగా ఫాల్ వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే చర్చ... ఏది తీసేయాలి, ఏది వదిలేయాలి? ఆ చర్చలో తేలిన లెక్కే ఇది.

చలికి ఎక్కడికి పోతాయి?

సీతాకోకచిలుకల వలస అనగానే అందరికీ గుర్తొచ్చేది మోనార్క్. నారింజ రంగు రెక్కల మీద నల్లటి గీతలుంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో న్యూజెర్సీ దక్షిణ కొసన ఉన్న కేప్ మే మీదుగా ఇవి గుంపులుగా వెళ్తుంటే చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తారు. వాటి ప్రయాణం మెక్సికో కొండల దాకా. కొన్నయితే దాదాపు 4,800 కిలోమీటర్లు ఎగురుతాయి. అదీ అంతకుముందెప్పుడూ ఆ దారి చూడని తరం! చలికాలంలో అవి చేరే ఆ కొండ అడవులు ఎక్కడున్నాయో శాస్త్రవేత్తలకు తెలిసింది 1975లోనే.

మోనార్క్ లాంటి కొన్ని మాత్రమే ఇలా వెళ్తాయి. మిగతావాటిలో చాలా వరకు ఎక్కడికీ పోవు. మైనస్ డిగ్రీల చలిలోనూ ఇక్కడే, మన కాళ్ల కిందే ఉంటాయి.

గ్రేట్ స్పాంగిల్డ్ ఫ్రిటిలరీ అనే నారింజ సీతాకోకచిలుకనే చూడండి. వేసవి చివర్లో వయొలెట్ మొక్కల దగ్గర గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చిన గొంగళిపురుగులు ఏమీ తినవు. చీమంత కూడా లేని ఆ పిల్లలు రాలిన ఆకుల్లోకి దూరి, వసంతంలో వయొలెట్ చిగుళ్లు వచ్చేదాకా ఖాళీ కడుపుతో ఎదురుచూస్తాయి. మనం ఆ ఆకుల్ని ఊడ్చేస్తే వాటి దుప్పటి లాగేసినట్టే.

లూనా మాత్ సంగతి ఇంకా విచిత్రం. మాత్ అంటే రాత్రిళ్లు దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల జాతి. లేత ఆకుపచ్చ రంగు, అరచేయంత రెక్కలు, వెనక పొడుగాటి తోకలు... ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. దీని గొంగళిపురుగు ఆకును చుట్టూ చుట్టుకుని లోపల పట్టుగూడు కట్టుకుంటుంది. ఆకుతోపాటే ఆ గూడూ నేలమీద ఎండుటాకుల మధ్య ఉండిపోతుంది. బయట్నుంచి చూస్తే అది గూడని ఎవ్వరూ అనుకోరు. రేక్‌తో లాగితే నేరుగా సంచిలోకే. బతికి బయటపడ్డ మాత్ ఉండేది ఓ వారం రోజులు. దానికి తినడానికి నోరు కూడా ఉండదు. ఆ వారం రోజుల కోసం చలికాలమంతా ఆకులో మూట కట్టుకుని పడి ఉంటుందన్నమాట.

స్వాలోటెయిల్స్‌ది మరో పద్ధతి. సోంపు, డిల్, క్యారట్ ఆకులు తినే బ్లాక్ స్వాలోటెయిల్ గొంగళిపురుగు సన్నటి పట్టుదారంతో నడుం కట్టుకుని ఎండు కాడకు అతుక్కుపోతుంది. గోధుమరంగులో ఉండే ఆ ప్యూపా అచ్చం విరిగిన పుల్లముక్కలా కనిపిస్తుంది. మోర్నింగ్ క్లోక్ అనే ముదురు రంగు సీతాకోకచిలుకైతే రెక్కలతో సహా చలికాలం గడిపేస్తుంది. చెట్టు బెరడు కింద, కట్టెల మోపుల సందుల్లో దాక్కుని, వసంతంలో అందరికంటే ముందే బయటికొస్తుంది.

ఇక మధ్యలో ఎరుపు, రెండు చివర్లా నలుపు ఉన్న బొచ్చు గొంగళిపురుగు ఒకటుంది... ఉలీ బేర్. ఆ ఎర్రటి పట్టీ వెడల్పు చూసి ఈ ఏడాది చలి ఎంత ఉంటుందో చెప్పొచ్చని ఇక్కడి పెద్దవాళ్లంటారు. దానికి సైన్స్ ఆధారం లేదు కానీ, అసలు మ్యాజిక్ వేరే ఉంది. ఇది ఒంట్లో గ్లిసరాల్ తయారుచేసుకుని, గడ్డకట్టినా చావకుండా తట్టుకుంటుంది. మంచు కరిగాక లేచి, ఏమీ జరగనట్టు నడుచుకుంటూ వెళ్లిపోతుంది!

స్లీప్ మోడ్‌లో పెట్టిందెవరు?

పగలు తగ్గి రాత్రి పెరగడాన్ని ఈ పురుగులు పసిగడతాయి. దాంతో ఎదుగుదల ఆగిపోతుంది, శ్వాస కూడా బాగా నెమ్మదిస్తుంది. దీన్నే డయాపాజ్ అంటారు. ల్యాప్‌టాప్ మూత వేస్తే స్లీప్ మోడ్‌లోకి వెళ్లినట్టు. ప్రాణం ఉంటుంది, పని ఉండదు. అయితే ఆ కాస్త బ్యాటరీ నాలుగైదు నెలలు రావాలి. ఎండ తగిలి మధ్యమధ్యలో వేడెక్కితే ఒంట్లో దాచుకున్న కొవ్వు ముందే ఖర్చయిపోతుంది. నేల మీద ఆకుల పొర, దాని మీద మంచు పొర ఉంటే కింద ఉష్ణోగ్రత పెద్దగా మారదు. చలిలో వాటికి కావాల్సింది ఆ నిలకడే.

బ్లోవర్ కొట్టినా, ఆకుల్ని మిషన్‌లో వేసి ముక్కలు చేసినా, సంచిలో కుక్కినా వాటికి తప్పించుకునే అవకాశమే లేదు. నిద్రలో ఉన్నవాళ్లు పరుగెత్తలేరు కదా!

లెక్కలు చూస్తే భయమేస్తుంది

2025 మార్చిలో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం అమెరికాలో 2000 నుంచి 2020 మధ్య సీతాకోకచిలుకల సంఖ్య 22 శాతం తగ్గింది. ఇరవై ఏళ్ల కిందట ఐదు కనిపించిన చోట ఇప్పుడు నాలుగే ఉన్నాయన్నమాట. పురుగుమందులు, పోతున్న గడ్డిభూములు, వేడెక్కుతున్న వాతావరణం... కారణాలు చాలా. అవన్నీ మన చేతుల్లో లేవు. కానీ పెరడు ఉంది.

పోనీ, నాలుగు పురుగులు పోతే ఏంటి నష్టం అంటారా? డెలావేర్ యూనివర్సిటీలో కీటకాల మీద పరిశోధించే ప్రొఫెసర్ డగ్ టాలమీ ఓ లెక్క చెబుతుంటారు. చికడీ అనే పిచ్చుకంత పిట్ట ఒక్క కాన్పు పిల్లల్ని గూటి నుంచి ఎగిరేదాకా పెంచాలంటే 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలట! ఓక్ చెట్టు ఒక్కదాని మీదే ఈ ప్రాంతంలో 500కు పైగా రకాల సీతాకోకచిలుకలు, మాత్‌ల పిల్లలు బతుకుతాయి. వాటిలో చాలావరకు కిందకి దిగి మట్టిలోనో ఆకుల్లోనో చలికాలం గడుపుతాయి. చెట్టును ఉంచుకుని కింద ఆకులు ఎత్తేస్తే... హోటల్ తెరిచి లిఫ్ట్ ఆపేసినట్టు.

‘లీవ్ ద లీవ్స్’ పేరుతో ఆకుల్ని వదిలేయమని ప్రచారం చేస్తున్న జెర్సీస్ సొసైటీ పేరు వెనక కూడా ఓ కథ ఉంది. ఇంగ్లిష్‌లో ఎక్స్‌తో మొదలయ్యే ఆ పేరుకీ మా న్యూజెర్సీకీ సంబంధం లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో ఇసుక దిబ్బల్లో జెర్సీస్ బ్లూ అనే చిన్న నీలిరంగు సీతాకోకచిలుక ఉండేది. ఊరు పెరిగింది, దిబ్బలు పోయాయి. 1940ల తొలినాళ్ల తర్వాత అది మళ్లీ కనిపించలేదు. 1971లో సంస్థ పెట్టినప్పుడు దాని పేరే పెట్టుకున్నారు.

వాకిలి వేరు, పెరడు వేరు

చెప్పడం తేలిక. అద్దె ఇంట్లో అమలు చేయడమే కష్టం. మా ఓనర్ తెలుగాయనే, అంకుల్ అని పిలుస్తాం. నవంబరు మొదటి వారంలో ఆయన వాట్సాప్ మెసేజ్ రెడీ. ‘బాబూ, థ్యాంక్స్‌గివింగ్ లోపు ఆకులు మొత్తం క్లియర్ చేయించండి. లేకపోతే పక్కింటివాళ్లు టౌన్‌షిప్‌కి కంప్లయింట్ ఇస్తారు.’ రూమ్మేట్లలో ఇద్దరు ఆయన పక్షం. ఒకడు ‘పాములొస్తాయి మామా’ అన్నాడు. ఇంకొకడు డిపాజిట్ గురించి భయపడ్డాడు. అది న్యాయమైన భయమే, మా నలుగురి డబ్బు కదా.

వీడియో కాల్‌లో అమ్మ కూడా వాళ్ల పార్టీయే. ‘ఏరా, పండగపూట ఆ చెత్తంతా అలా ఉంచుతారా? లక్ష్మీదేవి ఎలా వస్తుందిరా?’ అంది. ‘అమ్మా, లక్ష్మీదేవి వాకిట్లోంచి కదా వచ్చేది, ఇది పెరడు’ అన్నా. నవ్వేసి, కాసేపాగి తనే గుర్తుచేసుకుంది... ఊళ్లో అమ్మమ్మ వాళ్ల వాకిలి అద్దంలా ఉండేదట. పెరట్లో ఊడ్చిన ఆకులు మాత్రం బయటికి పోయేవి కావట. అరటి పాదులోకో, మామిడి మొదట్లోకో చేరేవట.

ఆ మాటతో నాకు దారి దొరికింది. మనకు ‘వాకిలి’, ‘పెరడు’ అని రెండు మాటలున్నాయి, రెండిటికీ రెండు పద్ధతులున్నాయి. వాకిలి చూసేవాళ్ల కోసం. పెరడు పెరిగేవాటి కోసం. రెండిటినీ కలిపి ఒకే బ్లోవర్‌తో కొట్టడం ఇక్కడికొచ్చాక నేర్చుకున్నదే.

అంకుల్‌కి ఫోన్ చేసి అదే చెప్పా. ‘ముందు లాన్, నడిచే దారి, డ్రైవ్‌వే, డ్రెయిన్ దగ్గర ఒక్క ఆకు ఉండదండీ. ఆ ఆకులన్నీ సంచుల్లో వేయకుండా వెనక ఓక్ కిందకి, కంచె పక్క మడిలోకి చేరుస్తాం. చుట్టూ కట్టె దుంగలు పెట్టి గుండ్రంగా హద్దు కడతాం. చూసేవాళ్లకి కావాలని చేసినట్టు ఉంటుంది, బద్ధకంగా వదిలేసినట్టు ఉండదు. మేలో మీరొచ్చి చూసి బాగాలేదంటే మా ఖర్చుతో తీయించేస్తాం.’ ఆయన కాసేపు ఆలోచించి ‘ఫొటోలు పంపండి’ అన్నారు. పంపాం. ‘ఓకే బాబూ, గట్టర్లు మాత్రం మర్చిపోకండి’ అని రిప్లై వచ్చింది. టౌన్‌షిప్ నోటీసు ఇప్పటిదాకా రాలేదు.

మే నెలలో ఆ ఓక్ కింద రాబిన్ పిట్టలు ఆకులు తిరగేస్తూ పురుగులు ఏరుకోవడం వంటింటి కిటికీలోంచి రోజూ కనిపించేది. పాములంటూ భయపడిన రూమ్మేటే ఇప్పుడు వాటికి వీడియోలు తీస్తున్నాడు.

ఏది ఎక్కడ ఉంచాలి?

ఆకులు: చెట్ల కింద, పూల మడుల్లో, పొదల మొదట్లో రెండు మూడు అంగుళాల మందాన పరవండి. ముక్కలు చేయకుండా అలాగే ఉంచాలి. చెట్టు మొదలుకి, ఇంటి గోడకి మాత్రం ఆనించకూడదు. తడికి బెరడు కుళ్లుతుంది, ఎలుకలూ చేరతాయి. లాన్ మీద పలచగా ఉంటే ఫర్వాలేదు, మందంగా పేరుకుంటే గడ్డి చచ్చిపోతుంది. అక్కణ్నుంచి తీసేయాల్సిందే. చేతి రేక్‌తో మెల్లగా లాగితే చాలు, బ్లోవర్ అక్కర్లేదు.

ఎండు కాడలు: పూలయిపోయిన కాడల్ని ఫాల్‌లో కోయొద్దు. వాటికి ప్యూపాలు ఉండొచ్చు. గింజలు పిట్టలు తింటాయి. వసంతంలో కోసేటప్పుడు కూడా నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తు వదిలితే ఆ బోలు కాడల్లో చిన్న చిన్న తేనెటీగ జాతులు గూళ్లు పెట్టుకుంటాయి.

చివరి పూలు: ఆస్టర్, గోల్డెన్‌రాడ్, బంతి లాంటివి సెప్టెంబరు, అక్టోబరుల్లో మోనార్క్‌లకు పెట్రోల్ బంకులు. బతుకమ్మకు పూలు కోసుకునేవాళ్లు మొక్కకు నాలుగైనా వదలండి.

టమాటా మడి: హార్న్‌వార్మ్ అనే లావుపాటి పచ్చ పురుగు వీపు మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్లు కనిపిస్తే దాన్ని కదపకండి. అవి కందిరీగ జాతి పిల్లలవి. ఆ పురుగును లోపల్నుంచి తినేసి బయటికొచ్చినవే. వచ్చే ఏడాది మీ టమాటాలకు అవే కాపలా.

తీసేయాల్సినవీ ఉన్నాయి

అన్నీ వదిలేయమని కాదు. తెగులు తగిలిన టమాటా తీగలు, నల్లమచ్చలున్న గులాబీ ఆకులు మడిలో ఉంచితే వచ్చే ఏడాదీ అదే రోగం. వాటిని సంచిలో వేసి పంపేయండి.

స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై మీద జాలి అక్కర్లేదు. ఆసియా నుంచి వచ్చిన ఈ పురుగు 2014లో పెన్సిల్వేనియాలో బయటపడింది, 2018కల్లా న్యూజెర్సీకి పాకింది. చెట్ల కాండాలు, కుర్చీలు, కంచెలు, కారు టైర్ల పక్కన... ఎక్కడ పడితే అక్కడ గుడ్లు పెడుతుంది. పైన ఎండిన బురద పూసినట్టుంటుంది. ఒక్కో పూతలో 30 నుంచి 50 గుడ్లు. పాత క్రెడిట్ కార్డుతో గీకి, హ్యాండ్ శానిటైజర్ పోసిన జిప్ కవర్లో వేసేయండి. సీతాకోకచిలుక ప్యూపా పుల్లలా, ఆకులా ఉంటుంది. ఇది మట్టి పూతలా ఉంటుంది. ఆ తేడా తెలిస్తే చాలు.

ఇక టిక్స్... ఈ ప్రాంతంలో లైమ్ జ్వరం తెచ్చే పేలలాంటి పురుగులు. తడి ఆకుల్లో ఇవీ ఉంటాయి, ఆ మాట దాచకూడదు. అందుకే పిల్లలు ఆడుకునే చోట, నడిచే దారి పక్కన ఆకులు వద్దు. చెట్లకీ లాన్‌కీ మధ్య మూడు అడుగుల వెడల్పున చెక్కపొట్టో కంకరో పరవమని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఆకుల్లో పనిచేసేటప్పుడు ప్యాంటు అంచులు సాక్స్‌లోకి దోపుకోవాలి, లోపలికొచ్చాక ఒళ్లంతా చూసుకోవాలి. దీపావళికి కాకరపువ్వొత్తులు కాల్చే చోట ఎండుటాకులు అసలే ఉండకూడదు.

ఏప్రిల్‌లో తొందర వద్దు

ఫాల్‌లో ఓపిక పట్టినవాళ్లు కూడా మార్చిలో ఒక్క ఎండ రోజు రాగానే రేక్ తీస్తారు. అప్పటికి అవింకా నిద్రలోనే ఉంటాయి. పగటి ఉష్ణోగ్రత నిలకడగా 10 డిగ్రీల సెల్సియస్, అంటే ఇక్కడి లెక్కలో 50 ఫారన్‌హీట్ దాటేదాకా ఆగాలి. మా వైపు అది ఏప్రిల్ చివరికి. కొన్ని మే నెల దాటాక గానీ లేవవు. కాబట్టి మడుల్లో ఆకుల్ని ఎప్పటికీ తీయకపోయినా నష్టం లేదు, కుళ్లి అవే ఎరువవుతాయి.

మన ఊళ్లో అయితే?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంత చలి ఉండదు, ఆకులు రాలే నెలలూ వేరు. కానీ ఊడ్చిన ఆకులకు నిప్పు పెట్టే అలవాటు మాత్రం వీధి వీధికీ ఉంది. ఆ మంటలో పురుగులూ పోతాయి, మన ఊపిరితిత్తులకూ పొగే మిగులుతుంది. దానికంటే కుండీల్లోనో పాదుల్లోనో పరవడం మేలు.

బాల్కనీలో కరివేపాకు ఉంటే ఓసారి దగ్గరగా చూడండి. ఆకు మీద పక్షిరెట్ట పడినట్టు కనిపించేది లైమ్ బటర్‌ఫ్లై పిల్ల కావచ్చు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. తాలింపుకి నాలుగు రెమ్మలు తగ్గితే తగ్గాయి! రోడ్డు పక్క జిల్లేడు కూడా అంతే. మోనార్క్ పిల్లలు తినే మిల్క్‌వీడ్‌ది జిల్లేడు కుటుంబమే. మన జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్, ఆ మోనార్క్‌కి దగ్గరి చుట్టం. రెండిటిదీ డానస్ అనే ఒకే ప్రజాతి.

ఈ వారాంతం అమెరికాలో రేక్ పట్టుకునేవాళ్లకి ఒక్కటే మాట. వాకిలి ఎంత కావాలంటే అంత మెరిపించండి. పెరట్లోకి వెళ్లేముందు మాత్రం, చెట్టు కింద నుంచి గుప్పెడు ఆకులు ఎత్తి, ఫోన్ టార్చ్ వేసి అటూ ఇటూ తిప్పి చూడండి. రెండు ఆకులు పట్టుదారంతో అతుక్కుని ఉంటే, ఎక్కణ్నుంచి తీశారో మెల్లగా అక్కడే పెట్టేయండి.